మణికట్టుకు వల తాడు

నందిగామ బస్టాండులో పక్కన కూర్చున్న పెద్దాయన నా కొత్త విసురు వల వంకే చూస్తున్నాడు.

"ఎర చేపలకాండీ?"

"అవునండీ. విసరడం ఇంకా రాదు."

"వల కన్ను సన్నదే కొన్నారు. ఇటివ్వండి, చూపిస్తా."

ఆయన ఎక్కాల్సిన వత్సవాయి బస్సు ఎదురుగా బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. వలతో సహా ఎక్కేస్తే నేను చేయగలిగింది తక్కువ. అందుకని తాడు కొస నా మణికట్టుకు బిగించుకుని, మిగతా వల ఆయన చేతికిచ్చాను.

అంచు పళ్లతో పట్టుకుని, నడుము తిప్పి విసిరాడు. వల నేలమీద గుండ్రంగా పరుచుకుంది. ఆయన నా మణికట్టు చూశాడు.

"తాడు ముందే కట్టుకున్నారే. కొత్తోళ్లు అది మరిచిపోయి వలని ఏటికి వదిలేస్తారండి. ఎవరు నేర్పారు?"

"పుట్టుకతో వచ్చిందండీ" అన్నాను.

మెచ్చుకోలుగా తలూపి బస్సెక్కాడు. అది నిజంగా మెప్పేనా అని మునేరు ఏట్లో వల విసిరినప్పుడల్లా అనుమానం వస్తుంది.