పుంగనూరు ముద్దుకృష్ణ ఓడలో కాపలా కాసిన రోజు

పుంగనూరులో ముద్దుకృష్ణ కోసం ఎదురుచూడని మనిషి లేడు. బోరు మోటారు కాలిపోయిందని సోమల నుంచి, తంబళ్లపల్లె నుంచి వచ్చిన రైతులు ఆయన మోటార్ల అంగడి ముందు బల్ల మీద కూర్చుని ఎదురుచూసేవారు. ఆయన ఇంట్లో ఇడ్లీలు తింటూ, "వస్తాండానని సెప్పు" అని ఫోన్లో చెప్పేవాడు. మదనపల్లెకు పోయే ప్రైవేటు బస్సు డ్రైవరు కూడా ఆయన టీ తాగి వచ్చేదాకా హారన్ కొట్టుకుంటూ నిలబడేవాడు. ఇదంతా తన గొప్పతనమేనని ముద్దుకృష్ణ నమ్మకం. సీట్లన్నీ నిండితేగానీ ఆ డ్రైవరు కదలడని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

రెండువేల నాలుగు నాటికి వానలు వరసగా ఎగ్గొట్టడంతో బోర్లు పాతాళానికి దిగాయి. మోటార్లు తెగ అమ్ముడయ్యాయి. రైతులు నెత్తిన గుడ్డేసుకున్నారు. మోటార్ల కంపెనీవాళ్ళు మాత్రం మహా సంతోషించి, మా వైపు డీలర్లను భార్యలతో సహా సింగపూరులో ఓడ ఎక్కించారు. పుంగనూరు నుంచి ముద్దుకృష్ణ, ఆయన భార్య సుభద్రమ్మ. మదనపల్లె నుంచి నూరుల్లా, ఆయన భార్య అజీజాబీ. కుప్పం నుంచి నేనొక్కడినే, ఎందుకంటే మా ఆవిడకు నీళ్ళంటే భయం. ఓడ ముఖం చూడటం మాకందరికీ అదే మొదలు.

అది ఓడ అని ముద్దుకృష్ణ మాత్రం ఒప్పుకోలేదు; ఆయన లెక్కలో అదీ ఒక బస్సే. ఎక్కీ ఎక్కగానే పై డెక్కు మీద రెండు కుర్చీలు చూసుకుని తువ్వాలు పరిచాడు. ఇక దిగేదాకా అవి పుంగనూరువాళ్ళ సీట్లు. కింద గదిలో సూట్‌కేసును మంచం కోడుకు గొలుసుతో కట్టి తాళం వేశాడు. ఆ మంచాన్ని నేలకు బోల్టులతో బిగించారు. దొంగకు ఆ పెట్టె కావాలంటే ఓడనే ఎత్తుకుపోవాలి.

మలేషియాలో మొదటి రేవు వచ్చింది. దిగడానికి అందరూ వరస కట్టారు. సుభద్రమ్మ కొత్త పట్టుచీర కట్టుకుని హ్యాండుబ్యాగుతో వచ్చి నిలబడింది.

"నువ్వు యాడికి?" అన్నాడు ముద్దుకృష్ణ. "ఇద్దరమూ దిగితే సీట్లు ఎవురు సూస్తారు? సామాను ఎవురు సూస్తారు? పలమనేరు బస్టాండులో కూర్చోవా నువ్వు? ఈడ కూడా అట్లనే కూర్చో."

నిజమే, పెళ్ళయిన నాటి నుంచి వాళ్ళ పద్ధతి అదే. బస్సు ఎక్కడ ఆగినా ఆయన దిగి టీ తాగుతాడు, బజ్జీలు తింటాడు, ఊరు చూస్తాడు. ఆమె సీటు కాస్తుంది. దేశంలో ఆమె చూసిన ఊళ్ళన్నీ కిటికీ కమ్మీల మధ్య నుంచి చూసినవే. ఆ రోజు కూడా తువ్వాలు పక్కన కూర్చుని మేం దిగిపోవడం చూసింది.

సాయంత్రం తిరిగొచ్చి, "ఏముండాది ఆడ? అన్నీ బిల్డింగులే. మన బెంగళూరు మాదిరే ఉండాది," అని ఆమెకు తేల్చి చెప్పాడు. ఆ బిల్డింగుల ముందు ఒక్కోదానికీ నిలబడి, నా కెమెరాలో రీలంతా తానే అయిపోగొట్టిన సంగతి చెప్పలేదు.

ఓడలో భోజనం ఎవరికి ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు. కంపెనీ సొమ్మును వృథా పోనివ్వడం ముద్దుకృష్ణకు మనసొప్పలేదు. పేరు తెలియనివి కూడా వదలకుండా తిన్నాడు. తెల్లారి ఓడ పినాంగు అనే రెండో రేవు చేరేసరికి ఆయన మంచమూ బాత్రూమూ వదిలి రాలేని స్థితిలో ఉన్నాడు.

నేను మాత్రలు ఇద్దామని వాళ్ళ గదికి వెళ్ళాను. అంతలో అజీజాబీ తలుపు కొట్టింది. నూరుల్లాకు ఓడ కదిలినప్పటి నుంచీ తల తిరుగుడే, మంచం దిగలేదు.

"సుభద్రమ్మా, వస్తావా? ఈ ఊర్లో అరవం మాట్లాడేవాళ్ళు శానామంది ఉండారంట. మనకేం భయం?" అంది అజీజాబీ.

"ఆడోళ్ళు ఇద్దరే యాడికి? ఏం వద్దు," అని మంచం మీది నుంచి మూలిగాడు ముద్దుకృష్ణ.

సుభద్రమ్మ కొక్కేనికి వేలాడుతున్న ఆయన చొక్కా జేబులోంచి తన కార్డు తీసుకుంది. ఆ కార్డు చూపిస్తేనే ఓడ దిగనిస్తారు, ఎక్కనిస్తారు. ఆమెది కూడా ఆయనే భద్రంగా దాచిపెట్టాడు.

"మరి సామాను?" అన్నాడాయన.

"నువ్వు ఈడనే ఉండావు కదా, సూసుకో," అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి కడుపు సర్దుకుని, ముద్దుకృష్ణ డెక్కు మీదికొచ్చి సీట్లు కాయడం మొదలుపెట్టాడు. మొదట ఉన్నదంతా కోపమే. "రానీ, సెప్తా దానికి," అన్నాడు ఆయనకు తోడుగా ఓడలోనే ఉండిపోయిన నాతో. సాయంత్రం దిగినవాళ్ళంతా ఒక్కొక్కరే ఎక్కుతుంటే కోపం కాస్తా కంగారయింది. ఓడ బయలుదేరబోతోందని మైకులో చెప్పారు. మళ్ళీ చెప్పారు. ఆయన లేచి రెయిలింగు పట్టుకుని అటు కొస నుంచి ఇటు కొసకు తిరగసాగాడు. తువ్వాలు గాలికి ఎగిరి సముద్రంలో పడింది. ఒక తెల్లదొర వచ్చి పుంగనూరువాళ్ళ సీట్లో కూర్చున్నాడు. ముద్దుకృష్ణ తిరిగి కూడా చూడలేదు.

ఓడ కూత పెట్టింది. ముద్దుకృష్ణ కిందికి పరుగెత్తాడు, వెనకే నేను. మెట్ల వంతెన దగ్గర తెల్ల యూనిఫారం ఆఫీసరు ఉన్నాడు.

"సార్, ఒక్క నిమిషం. ఆడోళ్ళు వస్తాండారు సార్, ఆపండి," అని కండక్టరుకు చెప్పినట్టే అచ్చ తెలుగులో చెప్పాడు.

ఆఫీసరు చేతి గడియారం చూపించి తల అడ్డంగా ఊపాడు. ఓడ ఎవరి కోసమూ ఆగదని చెప్పడానికి ఏ భాషయితేనేం?

"అయితే నన్ను దింపేయండి," అన్నాడు ముద్దుకృష్ణ. "ఆమె ఈడ లేకుండా నేను యాడికి పోవాల? ఇంటికి పోయి ఏం సేయాల నేను?" కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళ పరిచయంలో ఆయన మీద నాకు జాలి కలగడం అదే మొదటిసారి.

అప్పుడు రేవు గేటు దాటి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. పరుగు లేదు, తొందర లేదు. జామకాయ ముక్కలు కొరుక్కుంటూ నడిచి వచ్చి, కార్డులు చూపించి ఎక్కారు. వాళ్ళ వెనకే వంతెన తీసేశారు.

"యాడికి పోయినావు? దారి తప్పినావా? ఈడ నా పానం పోతాండాది!" అని అరిచాడు ముద్దుకృష్ణ.

"దారి యాల తప్పుతాది?" అంది సుభద్రమ్మ. "అదో, ఆ గోడ మీదనే కూర్చోనుంటిమి."

సముద్రపు గట్టున పొట్టి గోడ ఒకటి, ఓడకు ఎదురుగానే ఉంది.

"నువ్వు పైన అటూ ఇటూ తిరిగేది బాగా కనపడతా ఉండె. పోదాం రా అని అజీజాబీ ఎప్పుడో లేసింది. ఇంకొంచేపు ఉందామని నేనే అంటిని. నువ్వు కనపడకుండా పోతివి, అప్పుడు లేస్తిమి."

"కనపడతాంటే రాకుండా కూర్చుంటావా? యాల?"

సుభద్రమ్మ చేతిలో మిగిలిన జామకాయ ముక్క ఆయనకిచ్చింది.

"నువ్వు నా కోసం కాసుకోని ఉండేది నేను ఎప్పుడూ సూడలేదు కదప్పా," అంది.