ఉగ్గాని అతనిది, సర్వపిండి నాది

నానక్‌రామ్‌గూడలో మా రెండు టిఫిన్ సెంటర్లు పదేళ్లుగా పక్కపక్కనే ఉన్నాయి. నా దగ్గర పెనానికి ఒత్తి కాల్చే సర్వపిండి, పక్క సెంటరతని దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరప బజ్జి. కర్నూలు వైపు మనిషి, నాకంటే ఇరవయ్యేళ్లు చిన్న. నాకు చట్నీ అయిపోతే ఖాళీ గిన్నె తీసుకెళ్లి అతని కౌంటరు మీద పెట్టేవాణ్ణి. మాట అక్కర్లేదు, గిన్నె నిండి తిరిగొచ్చేది. అతనికి అయిపోయినా అంతే.

పోయినేడు, ఆర్డర్లు తెచ్చే కంపెనీ మా ఇద్దరి ఫోన్లలోనూ సలహాలిచ్చే ఏఐ పెట్టింది. పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి నేను. అది తెలుగులో అంత మర్యాదగా రాస్తుంటే నమ్మాను. ఒకరోజు రాసింది: "మీ దగ్గర్లో ఉగ్గానికి గిరాకీ పెరుగుతోంది. మీరూ పెట్టండి." మనసొప్పక రెండు రోజులు ఆగాను. మూడో రోజు పొద్దున చూస్తే అతని పెనం మీద సర్వపిండి.

ఒళ్లు మండింది. నేనూ ఉగ్గాని పెట్టాను. గిన్నెలు తిరగడం ఆగిపోయింది.

నెల గడిచింది. నా బొరుగులు నీళ్లలో ఎక్కువ నాని ముద్దయ్యేవి. అతను పిండికి వేలితో బొక్కలు పెట్టడం తెలియక పచ్చిగా దించేవాడు. ఇద్దరి దగ్గరా జనం పలచబడ్డారు. చివరికి, రోజూ వచ్చే హౌస్‌కీపింగ్ ఆమె ప్లేటు కింద పెట్టేసింది.

"ఏంది తాతా, మీరిద్దరు దుకాణాలు గిట్ల మార్చుకున్నరా?"

సిగ్గేసి అతని సెంటరుకి వెళ్లాను.

"తమ్మీ, నా పిండి నీకెందుకు?"

"ఇది చెప్తేనే గదా పెద్దాయనా పెట్టినాను," అని ఫోన్ నా ముందుకు తోశాడు. అందులో ఉంది: "మీ దగ్గర్లో సర్వపిండికి గిరాకీ పెరుగుతోంది. మీరూ పెట్టండి." వంటకం పేరొక్కటే మారింది.

ఇక్కడి గుట్టు అక్కడ, అక్కడి గుట్టు ఇక్కడ చేరవేసే మనిషిని మా ఊళ్లో గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు. దీన్ని నేనే జేబులో పెట్టుకుని తిరిగాను. దాన్ని ఎంత తిట్టానో నన్నూ అంతే తిట్టుకున్నాను. నాలుగడుగులు వేసి అడగడానికి నాకు నెల పట్టింది.

"ఇగ ఉగ్గాని నీదే. ఆ బొరుగులతోటి నాతోని కాదు."

"తెలుస్తానే ఉందిలే. బొక్కలు యాడ పెట్టాల్నో చూపించిపో, ఇంట్లోకన్నా చేసుకుంటాం."

చూపించాను.

మర్నాడు పొద్దున్నే అతని ఖాళీ గిన్నె నా కౌంటరు మీద ఉంది. అతని దగ్గర చట్నీ నిండుగా ఉండటం వస్తూ వస్తూ చూశాను. అయినా నింపి పంపాను.