సైకిలు మీద వఫ్రా, పళ్ళెంలో ఊరిబిండి

ఆరేళ్ళుగా కువైట్‌లో, షువైఖ్‌లో ఒక సైకిళ్ళ షాపులో మెకానిక్కుని. గ్రావెల్ బైకులని ఒక రకం వస్తున్నాయి. చూడ్డానికి రేసు సైకిలే, టైర్లు మాత్రం లావు. కంకరయినా మట్టయినా లెక్కచేయవు. అలాంటివి వందలకొద్దీ విప్పి బిగించాను గానీ, తొక్కింది మాత్రం షాపు ముందు సందులో ఈ చివర నుంచి ఆ చివరకే. ఫిబ్రవరిలో రెండు వానలు పడ్డాక మా యజమాని కొత్త బండి ఒకటి చేతికిచ్చి, "శుక్రవారం ఎడారిలో తొక్కి చూసి రా, బ్రేకులెలా ఉన్నాయో చెప్పు" అన్నాడు. పోతూ పోతూ ఇంకో మాట కూడా అన్నాడు. "ఇనుప ముక్క ఏది కనిపించినా ముట్టుకోకు. వానకి పాత యుద్ధం పైకొస్తుంది." నేను బ్రేకుల మాటే గుర్తుపెట్టుకున్నాను.

ఎడారి అంచున తోటలుండే వఫ్రాకి పోదామనుకున్నాను. అక్కడికి బస్సులు తక్కువ, ఉన్న బస్సులో సైకిలు ఎక్కించనివ్వరు. అందుకని అబ్బాసియాలో మా పక్క గదిలో ఉండే సుబ్బరాయుణ్ణి పట్టుకున్నాను. రాయచోటి మనిషి. హాఫ్ లారీ నడుపుతాడు, అంటే మన చిన్న ట్రక్కు. శుక్రవారం శుక్రవారం వఫ్రా తోటలకి పోయి టమాటాలు తెస్తాడు. తెల్లవారుజామున నాలుగూ ముప్పావుకి బయలుదేరాం. వెనక సైకిలు పడుకోబెట్టాక చక్రం అటూ ఇటూ దొర్లుతుంటే సుబ్బరాయుడు టార్పాలిన్ కింద నుంచి మూరెడు పొడవున్న బరువైన ఇనుప ముద్ద లాగి చక్రానికి అడ్డం పెట్టాడు.

"పెయింటు గీసుకుపోద్దండీ బాబూ! మా యజమాని నన్ను బతకనిస్తాడా?" అని మొత్తుకున్నాను.

"అబ్బ, ఏం సైకిలప్పా! పెండ్లికూతురు మాదిరి చూసుకుంటాండావే," అని నవ్వి, ఇనుముకి గోనెసంచి చుట్టి మళ్ళీ పెట్టాడు. గంటన్నర దారిలో స్పీడుబ్రేకరు వచ్చినప్పుడల్లా వెనక ధన్ మని చప్పుడు. ప్రతిసారీ నా ప్రాణం ఆ పెయింటు మీదే ఉంది.

ఆరూ ఇరవైకి వఫ్రాలో దిగాం. ఒక టీ కొట్లో రెండు పరోటాలు, టీ. సుబ్బరాయుడు తోటలోకి, నేను దారిలోకి. మీరెవరైనా వెళ్ళదలిస్తే మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళయినా పెట్టుకోండి. కంచె వేసిన రక్షిత ప్రాంతం లోపలికి అనుమతి కాగితం ఉండాలి, నాకు లేదు. కంచె వెంబడి పోయే కంకరదారికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఆ పొద్దుట చూసింది నేను మర్చిపోలేను. తోటలకి గాలి తగలకుండా వేసిన చెట్లు వరసలు వరసలుగా పెరిగి చిన్నపాటి అడవిలా ఉన్నాయి. వాటి మధ్య తొక్కుతుంటే కాకినాడ దగ్గర సరుగుడు తోటల్లో ఉన్నట్టే ఉంది, సముద్రం హోరు ఒక్కటే తక్కువ. చెట్లు అయిపోగానే బయలు. కంటికందినంత దూరం మోకాలెత్తు అర్ఫజ్ పొదలు, వానకి పచ్చబడి, కొనల్లో పసుపు పూలు. కువైట్ అంటే ఇసుక, ఏసీ, ట్రాఫిక్కు అనుకుని ఆరేళ్ళు గడిపిన నేను సైకిలు దిగి నోరు తెరుచుకుని నిలబడిపోయాను. కంచె మీద ఎర్ర బోర్డు ఒకటి కనిపించింది. పుర్రె బొమ్మ, కింద అరబ్బీ. దాని పక్కన సైకిలు ఆనించి ఫొటో కూడా తీసుకున్నాను, ఆ తెలివికి ఏం పేరు పెట్టాలో మీరే చెప్పండి.

తొమ్మిదిన్నరకి ఎక్కడి నుంచో ఠంగ్, ఠంగ్ అని చప్పుడు. లయగా, ఆగి ఆగి. ఎవరో ఇనుము మీద ఇనుము కొడుతున్నారు. మెకానిక్కు చెవి కదా, ఆగలేక చప్పుడు వచ్చే వైపు హ్యాండిలు తిప్పాను. దిబ్బ అవతల ఒక గుడారం, వందదాకా గొర్రెలు, లుంగీ కట్టుకున్న ఒక మనిషి. కూర్చుని ఏదో దంచుతున్నాడు. గాలికి వేయించిన వేరుశెనగల వాసన కొట్టింది.

"తెలుగోడివా?" అన్నాను, ఆ వాసనని బట్టి.

ఆయన లేచి నిలబడిపోయాడు. "యా ఊరన్నా? రా, రా! సైకిలు మింద వస్తివా ఈడికి?"

పేరు రమణ, లక్కిరెడ్డిపల్లె దగ్గర ఊరు. నాలుగేళ్ళుగా ఇక్కడే గొర్రెల కాపరి. తెలుగులో ఎదురుగా మాట్లాడి నెల దాటిందట. పోయిన శుక్రవారం గొర్రెల దాణా దింపడానికి వచ్చిన సుబ్బరాయుడే ఆఖరు. నాకు సుబ్బరాయుడు తెలుసనగానే ఇంటి చుట్టమైపోయాను. నెల దాటిందన్నవాడు వారం కిందటి మనిషిని చెప్తున్నాడని గుర్తుచేస్తే, "ఆయప్ప మాట్లాడేది యాడ, అరిసేది గదా," అన్నాడు.

రాగిసంగటి ముద్ద, దాని నడిమిన గుంట చేసి ఊరిబిండి. ఊరిబిండంటే వేరుశెనగలు, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డలు కలిపి రోట్లో దంచిన పచ్చడి. మిక్సీలో వేస్తే అది వేరే పదార్థమని సీమవాళ్ళు ప్రమాణం చేసి చెప్తారు. మాది కోనసీమ, సంగటి మా వల్ల కాదు. అయినా రెండోసారి పెట్టించుకున్నాను. కళ్ళ నీళ్ళు కారుతున్నా ఆపలేదు.

"మా గదిలో కూడా చేస్తారు గానీ ఇంత రుచి రాదు. ఈ ఎడారిలో నీకు రోలెక్కడిది?" అన్నాను చెయ్యి కడుక్కుంటూ.

రమణ ముఖం వెలిగిపోయింది. "రోలు లారీ చక్రంది," అని నేలలో సగం పాతిన ఇనుప హబ్బు చూపించాడు. "పచ్చడిబండకే శానా తిప్పలు పడితి. ఈ ఇసకలో గుండ్రాయి పుట్టదే! వాన పడినాక ఆ కంచె మింద ఎర్ర బోర్డు కాడ రెండు దొరికె. సూడు, ఎంత కుదురుగా ఉండాదో."

లోపలికి పోయి తెచ్చాడు. మూరెడు పొడవు, లావుగా, తుప్పు పట్టి, ఒక కొస సన్నబడి, నడుముకి కంచు పట్టీ. లుంగీతో తుడిచి, "ఇట్ల పట్టుకోని, ఇట్ల," అంటూ హబ్బులో ఒక్క పోటు పొడిచాడు. ఠంగ్.

"యేసయ్యా!" అన్నాను. నాకు గుర్తున్న మాట అదొక్కటే. అది ఫిరంగి గుండు. పేలనిది. ఈ మనిషి దాంతో వారం రోజులుగా పచ్చడి నూరుతున్నాడు. ఆ పచ్చడే ఇప్పుడు నా కడుపులో ఉంది.

"తమ్ముడూ, నా మాట విను. మెల్లిగా, చంటిపిల్లని పడుకోబెట్టినట్టు ఇసక మీద పెట్టు. పెట్టి నా దగ్గరకి రా."

"ఇనుమే గదన్నా?"

"బాంబురా అది!"

రమణ దాని వైపు చూశాడు, నా వైపు చూశాడు. నవ్వబోయి ఆగిపోయాడు. వంగి, రెండు చేతులతో కింద పెట్టాడు. మేం వెనక్కి చూడకుండా నడిచాం, గొర్రెలు మా వెంట. దిబ్బ దాటాక నాకు ఆయన మాటలో ఒక ముక్క తట్టింది.

"రెండు దొరికాయన్నావు. రెండోది ఏది?"

"అది సుబ్బన్నకిస్తి, పోయిన శుక్రారం. అమ్ఘరాలో పాతినుము కొంటారంట గదా."

గోనెసంచి. ధన్. పెండ్లికూతురు సైకిలు. గంటన్నరసేపు దాన్ని వీపు వెనక పెట్టుకుని, పెయింటు గురించి ఏడ్చాను.

ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తడు. మళ్ళీ. మళ్ళీ. తోటలో కూలీలు టమాటా పెట్టెలు విసిరి విసిరి ఎక్కిస్తారు, పొద్దున నా కళ్ళతో చూశాను. రమణ నా భుజం పట్టుకుని, "ఎత్తు సుబ్బన్నా, ఎత్తు సామీ," అని ఫోనుకి దండం పెడుతున్నాడు. ఐదోసారి ఎత్తాడు.

"లోడింగు ఖలాస్, బయలుదేరతాండా. యాడుండావు?"

"స్టార్ట్ చేయకు! దిగి దూరంగా పరిగెత్తు, అందర్నీ పరిగెత్తించు! సైకిలుకి అడ్డం పెట్టావే, అది బాంబు!"

అవతల ఫోను కింద పడిన చప్పుడు, దూరంగా సుబ్బరాయుడి గొంతు: "యల్లా! యల్లా! భాగో రే!" రమణ చెప్పింది నిజమే, ఆయన అరిస్తే అరుపే. ఆ అరుపు విని అంత సంతోషపడతానని నేనెప్పుడూ అనుకోలేదు.

112కి చేయబోతుంటే రమణ చెయ్యి పట్టుకున్నాడు. "పోలీసులొద్దన్నా. నన్ను ఊరికి పంపిచ్చేస్తారు. ఇసకలో పూడ్చేస్తే ఎవురికి తెలుస్తాది?"

"రేపు ఇంకో లక్కిరెడ్డిపల్లె వాడికి వానలో దొరికితే?"

ఆయన చెయ్యి తీసేశాడు. నేను చేశాను.

పన్నెండుకి పోలీసుల్లో బాంబులు తీసేవాళ్ళు వచ్చారు, రెండు జట్లుగా, ఒకటి మా దగ్గరకి, ఒకటి తోటకి. ఆఫీసరు రమణని కాగితాలు అడగలేదు. హిందీలో ఒక్కటే అడిగాడు, ఇంకేమైనా ఏరావా అని. పచ్చడి సంగతి నేను వివరించాల్సి వచ్చింది. ఆయన రాసుకుంటున్న పెన్ను ఆపి, నన్ను రెండుసార్లు చెప్పమన్నాడు. రమణ కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, జీపులో వచ్చాడు, ముసలాయన. రమణ ఫోను చేస్తే తిట్టినవాడే, వచ్చాక రమణ భుజం మీద వేసిన చెయ్యి సాయంత్రందాకా తీయలేదు.

మూడింటికి, కిలోమీటరు అవతల, మొదటిది పేల్చారు. నేల కాళ్ళ కింద కదిలింది. గొర్రెలు చెదిరిపోయాయి. అర్ఫజ్ పొదల మీద నుంచి నల్లటి పొగ లేచింది. "నా పచ్చడిబండ పాయె," అన్నాడు రమణ నవ్వుతూ. ఆ నవ్వుతోనే కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. రెండోది తోట వైపు నుంచి వినిపించింది. అప్పుడు ఏడ్చింది నేను.

ఐదింటికి తిరుగు ప్రయాణం. పోలీసులు లోడు దింపి, బండంతా సోదా చేసి తిరిగిచ్చారు. ప్రతి స్పీడుబ్రేకరు దగ్గరా సుబ్బరాయుడు బండి దాదాపు ఆపేశాడు, వెనక సైకిలు తప్ప ఏమీ లేకపోయినా. వఫ్రా అందంగా ఉందా అని అడిగితే ఉంది అంటాను. మళ్ళీ అంత పచ్చని బయలు చూస్తే మాత్రం ముందు నా కాళ్ళ కింద చూసుకుంటాను. బ్రేకులు బాగానే ఉన్నాయి.

ఏడింటికి అబ్బాసియా. సుబ్బరాయుడు గదికి పోకుండా కిరాణా కొట్టు ముందు బండి ఆపాడు. "రాతిరోలు ఉండాదా? బండతో సహా?"

కొట్టతను లోపలి నుంచి నల్లరాతి రోలు మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. "మంచి రాయన్నా, సూడు," అంటూ పచ్చడిబండ ఎత్తి రోట్లో ఒక్క దెబ్బ వేశాడు.

ఠక్.

కళ్ళు తెరిచేసరికి నేనూ సుబ్బరాయుడూ బియ్యం బస్తాల వెనక నేల మీద ఉన్నాం, ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని. కొట్టతను బండ చేతిలో పట్టుకుని మా వైపు వంగి చూస్తున్నాడు.

"ఏమైందన్నా?"

సుబ్బరాయుడు లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "ఏం ల్యా. గోనెసంచి చుట్టి ఇయ్యప్పా. వఫ్రాకి పోవాల."