ఏడో ప్రశ్నకు జవాబు

మ్యూజియంలో మా పెద్దమ్మను అందరూ ముట్టుకోవద్దమ్మ అంటారు. గేటు దగ్గరుండే గార్డు బాబాయ్ పెట్టిన పేరది. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా రెండో అంతస్తు గ్యాలరీలో ఆవిడ నోటి నుంచి వచ్చే మాట అదొక్కటేనని ఆయన నమ్మకం. ఇరవై రెండేళ్లు ఆవిడ ఆ గ్యాలరీలో కాపలా ఉంది. వస్తువుల మీద దుమ్ము దులపడం, గాజుపెట్టెల తాళాలు చూసుకోవడం, పిల్లల చేతుల మీద ఓ కన్నేసి ఉంచడం ఆవిడ పని.

అదే భవనంలో కింద సంచుల కౌంటరు నాది. బడిపిల్లల సంచులు తీసుకుని బిళ్లలు ఇస్తాను, బిళ్లలు తీసుకుని సంచులు ఇస్తాను. ఖాళీ దొరికితే లైబ్రరీ వాళ్లు పనికిరావని పక్కన పడేసిన పుస్తకాలు చదువుతాను. చరిత్రలో రాజులు గుర్రం ఎక్కడం, గుర్రం దిగడం తప్ప ఇంకేమీ చెయ్యలేదని వాటివల్లే నాకు తెలిసింది.

మా మ్యూజియంకి రోజుకు నాలుగైదు బడుల బస్సులొస్తాయి. పిల్లలు రెండు వరుసలుగా లోపలికొస్తారు. ఒక్కొక్కరికీ పది ప్రశ్నలున్న కాగితం, పెన్సిలు ఇస్తారు. నలభై నిమిషాల్లో గ్యాలరీలన్నీ తిరిగి, బోర్డుల మీద ఉన్నది చూసి, కాగితం నింపాలి. ఆ తర్వాత అరగంట ‘చేతిపని కార్యక్రమం’ ఉంటుంది. అంటే అట్ట కత్తిరించి, బంగారు రంగు కాగితం అతికించి, కిరీటాలు చేసుకుని నెత్తిన పెట్టుకుని బస్సెక్కుతారు. ఇన్నేళ్లలో ఈ భవనం నుంచి ఎన్ని వేలమంది రాజులు బయటికి వెళ్లారో లెక్కలేదు. పనివాడు ఒక్కడూ వెళ్లలేదు.

ఆ పదిలో ఏడో ప్రశ్న ఇది: ‘రెండో అంతస్తులోని గాజుపెట్టెలో ఉన్న రాతి వస్తువును ఎవరు, ఎందుకు వాడేవారు?’ జవాబు పెట్టె మీదే ఉంటుంది. ‘తూనికరాయి. రాజు ఖజానాలో బంగారం తూచడానికి వాడినది.’

ఆ రాయి పిడికెడంత ఉంటుంది. అడుగు గుండ్రంగా ఉబ్బి, నున్నగా మెరుస్తుంటుంది. పైన పట్టుకోవడానికి ఒక బుడిపె ఉంటుంది. తలకిందులు చేసిన పుట్టగొడుగులా ఉంటుంది చూడ్డానికి. ఎక్కడ పెట్టినా పక్కకు ఒరిగిపోతుందని దానికోసం మ్యూజియం వాళ్లే ఒక ఇత్తడి రింగు చేయించి, అందులో కూర్చోబెట్టారు. సొంతంగా నిలబడలేని తూనికరాయితో ఏ రాజు బంగారం తూచాడో ఆ రింగు చేయించినవాళ్లకు అనుమానం రాలేదు.

పెద్దమ్మకు అనుమానం కూడా అక్కర్లేకపోయింది. ఉద్యోగంలో చేరిన మొదటి వారం, సెలవు రోజు దుమ్ము దులపడానికి పెట్టె తెరిచి ఆ రాయిని చేతిలోకి తీసుకుంది. బుడిపె పక్కన బొటనవేలు ఆనేచోట చిన్న గుంట తగిలింది. ఏళ్ల తరబడి ఒకే వేలు ఒత్తితే పడే గుంట అది. “నా చెయ్యి నాకంటే ముందు గుర్తుపట్టిందిరా,” అని చెప్పింది నాతో.

ఆవిడ పుట్టింది కుండలు చేసే ఇంట్లో. గిర్రున తిరిగే సారె మీద నుంచి దిగిన కుండకు పైన మూతి బాగానే ఉంటుంది, కింద అడుగుండదు. సగం ఆరాక ఎడంచేత్తో రాయిని కుండ లోపల ఆనించి, కుడిచేత్తో బయట చెక్కతో తట్టాలి. రాయికీ చెక్కకీ మధ్య మట్టి పలచబడి, సాగి, అడుగు మూసుకుంటుంది. వాళ్లింట్లో సారె తాతయ్యది, తట్టే పని అమ్మమ్మదీ పెద్దమ్మదీ. తొమ్మిదో ఏట మొదలుపెట్టి, ప్లాస్టిక్ బిందెలొచ్చి కుండలు కాల్చే ఆవం ఆరిపోయేదాకా, పదిహేడేళ్లు తట్టింది. ఇప్పటికీ ఆవిడ ఎడంచేతి బొటనవేలు కొంచెం వంకరే.

వస్తువు పేరు తప్పని ఆవిడ మొదట అధికారులకే చెప్పింది. ముగ్గురు మారారు. ముగ్గురూ “చూద్దాం” అన్నారు. చూడ్డానికి ఎవరూ మేడ ఎక్కి రాలేదు. అప్పుడిక పిల్లలకు చెప్పడం మొదలుపెట్టింది.

“ఇదెవరిదిరా?”

“రాజుది అమ్మమ్మా! బోర్డు మీద ఉంది కదా.”

“రాజు నీళ్లు తాగేవాడా, మానేశాడా?”

“తాగేవాడు.”

“మరి కుండ ఎవరు చేసిపెట్టారు? ఆయనే చేసుకున్నాడా? ఈ అడుగు చూడు. దీన్ని తక్కెట్లో పెడితే ఏమవుతుంది?”

“దొర్లిపోతుంది!”

“దొర్లి ఎక్కడ పడుతుంది?”

“రాజు కాలి మీద!”

పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. నవ్వుతూనే ఏడో ప్రశ్న దగ్గర ‘కుండలు చేసేవాళ్లది, అడుగు తట్టడానికి’ అని రాసేసేవాళ్లు. కింద కాగితాలు దిద్దే గుమాస్తా ఎర్ర సిరాతో తప్పు కొట్టేవాడు.

ఇలా ఎన్నాళ్లు సాగేదో కాని, ఈ ఏడాది మ్యూజియం వాళ్లు పోటీ ఒకటి పెట్టారు. ఎక్కువ మార్కులొచ్చిన బడికి ప్రశంసాపత్రం ఇస్తారట. ఒక బడిలో ముప్పై ఒక్కమంది ఏడో ప్రశ్న దగ్గరే మార్కు పోగొట్టుకున్నారు. ప్రశంసాపత్రం ఇంకో బడికి పోయింది. హెడ్మాస్టరు ఉత్తరం రాశాడు. మీ కాపలామనిషి మా పిల్లలను తప్పుదోవ పట్టించింది అన్నాడు.

బడుల కార్యక్రమాలు చూసే విద్యాధికారి పెద్దమ్మను పిలిపించాడు. కొత్తగా వచ్చినవాడు. కసురుకోడు, కుర్చీ చూపిస్తాడు, నవ్వుతూ మాట్లాడతాడు. అలాంటివాళ్లతోనే చిక్కు.

“అమ్మా, మీ పని కాపలా. చెప్పడానికి గైడ్లున్నారు.”

“గైడ్లు తప్పు చెబుతుంటే బాబూ?”

“అది తప్పో ఒప్పో నిపుణులు నిర్ణయించారు కదా.”

“ఆ నిపుణుల్లో కుండ తట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

ఆయన నవ్వు ఆగిపోయింది. మళ్లీ ఒక్క ఫిర్యాదు వచ్చినా గ్యాలరీ నుంచి తీసేసి కింద స్టోర్‌రూంలో వేస్తానన్నాడు. స్టోర్ నేలమాళిగలో ఉంటుంది. అక్కడికి పిల్లలు రారు. ఆవిడ దిగిపోతే, ఆ రాయి గురించి నిజం చెప్పే నోరు ఆ భవనంలో ఉండదు. అది ఆయనకూ తెలుసు.

“ఊరుకోరాదూ పెద్దమ్మా,” అన్నాను ఇంటికొచ్చాక.

“ఇరవై రెండేళ్లు ‘ముట్టుకోవద్దు, ముట్టుకోవద్దు’ అన్నాను. అది ఉద్యోగం కాబట్టి అన్నాను. అబద్ధం చెబుతుంటే పక్కన నిలబడి వినడం కూడా ఉద్యోగమేనా?”

తర్వాతి వారం టీచర్లకు శిక్షణ పెట్టారు. వేర్వేరు బడుల నుంచి యాభైమంది వస్తారు. మ్యూజియం చూపించి పాఠం ఎలా చెప్పాలో వాళ్లకు అధికారే స్వయంగా నేర్పుతాడు. ఈ యాభైమందీ వెళ్లి ఒక్కొక్కరు ఏడాదికి వందమంది పిల్లలకు చెబుతారు. పెద్దమ్మ ఆ లెక్క నాకంటే ముందే వేసుకున్నట్టుంది.

ఆ రోజు పొద్దున ఒక చేతిలో గుడ్డసంచి, ఇంకో చేతిలో తడిగుడ్డ కప్పిన బకెట్టు పట్టుకుని వచ్చింది. గేటు దగ్గరే గార్డు బాబాయ్ పట్టుకున్నాడు.

“ఏంటి ముట్టుకోవద్దమ్మా, బకెట్లో చేపలా?”

“ఏడో ప్రశ్నకు జవాబు.”

“బరువుగా ఉందే! ఇటివ్వు, మెట్ల దాకా నేను తెస్తాను.”

సంచులు పైకి తీసుకెళ్లకూడదన్నది నా కౌంటరు రూలు. సిబ్బందికైనా అంతే. ఆవిడ నా ముందు ఆగి, “బిళ్ల ఇస్తావా?” అంది. నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు. “ఏ సంచి? నాకేం కనబడటం లేదు,” అన్నాను. ఆ ఉద్యోగంలో చేరాక నేను ఇష్టపడి చేసిన మొదటి పని అదే. కాసేపటికి కౌంటరు మూసేసి నేనూ పైకెక్కాను.

అధికారి మైకు పట్టుకుని గాజుపెట్టె పక్కన నిలబడి ఉన్నాడు. ఖజానా గురించి, బంగారం గురించి, రాజు న్యాయం గురించి చెబుతున్నాడు. ముందు వరుసలో సన్నగా ఉన్న లెక్కల టీచరమ్మ చెయ్యెత్తింది.

“దీని బరువెంత సార్?”

“అది... రికార్డుల్లో ఉంటుంది మేడం.”

“తూనికరాయి కదండీ, బోర్డు మీద అన్నీ రాసి బరువొక్కటే వదిలేశారేం?”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సరిగ్గా అప్పుడే పెద్దమ్మ మూలన గోనెపట్టా పరిచి నేలమీద కూర్చుంది. బకెట్లోంచి సగం ఆరిన కుండ తీసి ఒళ్లో పెట్టుకుంది. నర్సరీలకు పూలకుండీలు చేసే మా మామయ్యను ముందురోజు అడిగి చేయించుకుందది. మూతి ఉంది, అడుగు లేదు. సంచిలోంచి అమ్మమ్మ రాయీ చెక్కా తీసింది. ఎడంచెయ్యి కుండలోకి పోయింది. ఠప్, ఠప్, ఠప్.

యాభై తలలు అటు తిరిగాయి.

“అమ్మా, ఇక్కడ ఇవన్నీ చెయ్యకూడదు. లేవండి,” అన్నాడు అధికారి. మైకు చేతిలోనే ఉండటంతో ఆ మాట గ్యాలరీ అంతా మోగింది.

“ఐదు నిమిషాలు బాబూ. ఇప్పుడు ఆపితే పగులుతుంది.”

టీచర్లు ఆవిడ చుట్టూ మూగారు. తడుతూ, కుండ తిప్పుతూ, తడుతూ పోయింది. అరచెయ్యి పట్టేంత కంత పిడికెడంతైంది. పిడికెడు కంత రూపాయి బిళ్లంతైంది. తర్వాత చూస్తే కంత లేదు. గుండ్రటి అడుగు తడిగా మెరుస్తోంది. పెద్దమ్మ కుండను పక్కన పెట్టి, రాయిని చీరచెంగుతో తుడిచి లెక్కల టీచరమ్మ చేతిలో పెట్టింది.

“చూడమ్మా, వేలు ఎక్కడ ఆనుతుందో.”

ఆ టీచరమ్మ వేలు గుంటలో పెట్టింది. గాజుపెట్టె వైపు చూసింది. మళ్లీ చేతిలోకి చూసింది. రాయిని పక్కనావిడకు ఇచ్చింది. రాయి చెయ్యి మారుతూ యాభైమందినీ చుట్టి వచ్చింది. ఎవరూ బోర్డు చదవలేదు. అధికారి, ఇది చాలా ఆసక్తికరంగా ఉందనీ, దీని మీద వేరేగా చర్చిద్దామనీ, ఈలోగా భోజనాలు చల్లారిపోతున్నాయనీ చెప్పి అందరినీ కిందికి తోలుకుపోయాడు.

సాయంత్రం ఒక టైపు చేసిన కాగితం ఆవిడ ముందు పెట్టాడు. ‘మ్యూజియం వస్తువుల గురించి నాకు ఏమీ తెలియదు. పిల్లలకు, ఉపాధ్యాయులకు తప్పుడు సమాచారం ఇచ్చినందుకు మన్నించగలరు.’ సంతకం పెడితే గ్యాలరీలోనే ఉండొచ్చు. లేకపోతే రేపటి నుంచి స్టోర్.

నేను పక్కనే ఉన్నాను. నేనైతే ఆ కాగితం చింపి పారేసేవాణ్నని ఇప్పుడు రాయడం తేలిక. ఆ పూట నేనన్నది, “పెట్టెయ్యి పెద్దమ్మా, కాగితమే కదా,” అని. ఇన్ని పుస్తకాలు చదివి నా నోటికి వచ్చింది ఆ ముక్క.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది.

“బాబూ, ‘తెలియదు’ దగ్గర ‘తెలుసు’ అని కొట్టించుకు రండి. చేవ్రాలు చేస్తాను.”

“అది కుదరదమ్మా.”

“మరైతే ఇదీ కుదరదు,” అని గాజుపెట్టెల తాళాల గుత్తి తీసి ఆయన బల్ల మీద పెట్టింది. బయటికొచ్చాక నా వైపు చూడకుండా, “కాగితమే కదా అన్నావు. ఆ బోర్డు కూడా కాగితమేరా,” అంది.

స్టోర్‌రూంకి కిటికీలు లేవు. ఇనుప అలమరల నిండా కర్రపెట్టెలు, వాటి నిండా వస్తువులు, ఒక్కోదానికి నంబరూ పేరూ రాసి దారంతో కట్టిన చీటీ. తెగిపోయిన దారాలు మళ్లీ కట్టడం ఆవిడకు ఇచ్చిన పని. నాలుగో రోజు మధ్యాహ్నం కబురు పెట్టింది, కాగితాలు, కలం పట్టుకుని రమ్మని.

వెళ్లి చూస్తే, బల్ల మీద తొమ్మిది రాళ్లు వరసగా పెట్టి ఉన్నాయి. అన్నీ అలాంటివే. అన్నిటి చీటీల మీదా ఒకటే మాట: తూనికరాయి.

“ఇన్ని ఖజానాలు ఎక్కడివిరా ఈ రాజ్యంలో?” అంది. “కూర్చో. డైరెక్టరుగారికి ఉత్తరం. ఒక్కో నంబరూ వేసి రాయాలి. ఇది చూడు, గుంట ఇటు పక్కన ఉంది. కుడిచేత్తో లోపల పట్టుకున్నారు. ఎడమచేతివాటం మనిషిది. ఇది మరీ చిన్నది, నీ చేతికీ నా చేతికీ కుదరదు. ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లది. ఇదేమో విరిగితే లక్కతో అతికించుకుని మళ్లీ వాడారు. ఎంత అలవాటైన రాయో, పారెయ్యబుద్ధి కాలేదు.”

నేను రాస్తూ పోయాను. జీవితంలో మొదటిసారి గుర్రం లేని చరిత్ర రాస్తున్నాను.

నాలుగు రాళ్లయ్యేసరికి గార్డు బాబాయ్ మెట్లు దిగి వచ్చాడు. పైన ఏదో గొడవగా ఉందన్నాడు. లెక్కల టీచరమ్మ తన క్లాసును తీసుకొచ్చిందట. నలభైమందీ ఏడో ప్రశ్న ఖాళీగా వదిలేసి కాగితాలిచ్చారట. గుమాస్తా అడిగితే, చెప్పే మనిషి గ్యాలరీలో లేదు కనక రాయలేదు అన్నదట ఆ టీచరమ్మ.

“విద్యాధికారిగారు పంపించారు నన్ను,” అన్నాడు గొంతు తగ్గించి. “ఆ కాగితం మార్చారంట. ‘ఏమీ తెలియదు’ తీసేసి ‘పూర్తిగా తెలియదు’ అని పెట్టారంట. శుక్రవారంలోగా సంతకం చేస్తే మళ్లీ పైకే అన్నారు. పోనీ ఒప్పేసుకో అమ్మా. నువ్వు లేకపోతే పిల్లలు అన్నీ ముట్టేసుకుంటున్నారు.”

పెద్దమ్మ చేతిలో ఉన్న అయిదో రాయిని తిప్పి బల్బు వెలుతురులో పెట్టింది.

“ఆయన్నే కిందికి రమ్మను. రాళ్లన్నీ బల్ల మీదే ఉన్నాయి, చేతిలోకి తీసుకుని చూసుకోమను. చూశాక కూడా నాకు తెలియదనిపిస్తే అప్పుడు మాట్లాడదాం.”

గార్డు బాబాయ్ మెట్లెక్కి వెళ్లాడు. ఆవిడ బల్ల మీదకు వంగి చీటీ మీద నంబరు చదివింది. నేను ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని రాసుకున్నాను.