నాయన కూర్చునే పలక

మా అమ్మ నీళ్లు తాగడం మానేసింది. అదీ ఎమ్మిగనూరు ఎండల్లో, నడి వేసవిలో. నాలుక తడుపుకుని చెంబు దించేసేది, అంతే. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన కొత్తలు అవి. మా నేతగాళ్ల వీధి ఆడవాళ్లంతా తెల్లారకముందే చెంబులు పట్టుకుని ఊరి బయట కంపచెట్ల చాటుకు పోయేవాళ్లం. ఒకనాడు ఆ చీకట్లో అమ్మ కాలు నల్లరేగడి నెర్రెలో దిగబడి మోకాటి చిప్ప విరిగింది. కట్టు కట్టే తాత చేతనైనది చేశాడు. ఎముక అతుక్కుంది గానీ మోకాలు మడత పడలేదు. ఇక పదేళ్లదాన్ని నేనే ఆమెకు ఊతకర్ర. రోజుకు ఒక్కసారి నా భుజం పట్టుకుని కాలు ఈడ్చుకుంటూ పోయి, నిలబడలేక, కూర్చోలేక నానా అవస్థ పడి వచ్చేది. రెండోసారి పోవలసి వస్తుందేమోనని నీళ్లు తాగేది కాదు.

చివరికి జ్వరం పట్టుకుంది. బావుల్లో మందు కలపడానికి వచ్చే హెల్తాయన మా గడప దగ్గర ఆగి, "ఏమప్పా, ఎందుకొచ్చింది జరం?" అని నాయనను అడిగాడు. నాయన గోడ వైపు చూశాడు. నోరాగక నేనే చెప్పేశాను.

"మాయమ్మ నీళ్లు తాగదు సార్. బయటికి పోలేక."

"నోర్ముయ్యే!" అంది అవ్వ, నాయన తల్లి. అమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. హెల్తాయన మాత్రం నవ్వలేదు. "పెరట్లో గుంత తవ్వుకోండప్పా. పైన వేసే సిమెంటు బండ నేను తెప్పిస్తా" అన్నాడు.

అవ్వ రెండు పూటలు అన్నం ముట్టలేదు. "తినే ఇంట్లోనే అదీనా? ఛీ! మానం పోతాది."

"దాని మానం కోసరమే తవ్వుతాండానమ్మా" అన్నాడు నాయన.

వారం రోజులు మగ్గం ఆగింది. గుంత అయింది, బండ పడింది, చుట్టూ జొన్నదంట్ల తడిక లేచింది. అమ్మ లోపలికి పోయింది. కాసేపటికి ఏడుపు వినిపించింది. కాలు మడవలేని మనిషికి గొంతుక్కూర్చునే బండ వేశాం! ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తట్టలేదు చూడండి. బండ తెప్పించిన హెల్తాయనకూ తట్టలేదు.

నాయన ఇంట్లోకి వెళ్లాడు. కాళ్లు మగ్గం గుంతలోకి వదిలి తాను కూర్చునే పలక ఒకటుండేది. వాళ్ల నాయన కూడా దాని మీదే కూర్చుని నేసినాడట, నున్నగా అరిగిపోయి ఉండేది. దాన్ని ఊడబెరికి, భుజాన వేసుకుని వడ్రంగి దగ్గరికి పోయి, నడుమ గుండ్రంగా బొక్క కొట్టించుకొచ్చాడు. బండకు అటూ ఇటూ రాళ్లు పేర్చి పైన ఆనించాడు. బతికినన్నాళ్లూ ఆయన మడత పెట్టిన గోనెసంచి మీద కూర్చునే నేశాడు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

"మగ్గం కాడ కూర్చున్నట్ల కూర్చోమే. కాలు సాపుకో" అన్నాడు.

"ఉండు, పేళ్లు గుచ్చుకుంటాయేమో" అంటూ అవ్వ ముందుకొచ్చి, ఆ బొక్క అంచు చుట్టూ అరచేత్తో రెండుసార్లు తడిమి చూసింది.

అమ్మ మళ్లీ తడిక లోపలికి పోయింది. కాసేపటికి బయటికొచ్చి నడవలో కాలు చాపుకుని కూర్చుంది. మిట్టమధ్యాహ్నం. "పాపా, నీళ్లు తేపో" అంది. చెంబు నిండా ముంచి తెచ్చాను. మెడ మీద, రవిక మీద కారుతున్నా ఆగకుండా గటగటా తాగేసింది. ఖాళీ చెంబు నా చేతికిచ్చింది.

"ఇంగొకటి తే" అంది.