లేబుల్ కింద నీలం కుట్టు

మా వదిన కుట్టుమిషను ముందు కూర్చుందంటే నోరు ఊరుకోదు. ఎవరి బట్ట సూది కింద ఉంటే వాళ్ళ కోసం ప్రార్థన చేస్తూనే ఉంటుంది. మిషను చప్పుడులో ఆ మాటలు ఎవరికీ వినబడవు. ఒకసారి మాత్రం దారం తెగి మిషను ఠక్కున ఆగింది, "ఈవిడ కోపం కాస్త తగ్గించు ప్రభువా" అన్న మాట తిన్నగా వెళ్ళి ఎదురుగా కూర్చున్న ఆవిడ చెవిలోనే పడింది. ఆ పూటకి ఆవిడ కోపం తగ్గలేదు.

ప్రార్థన అయ్యాక అంచు మడత లోపల, బయటికి కనబడకుండా, నీలం దారంతో ఒక్క కుట్టు వేస్తుంది. "గుర్తు లేకపోతే ఎవరిని మర్చిపోయానో నాకెలా తెలుస్తుంది?" అంటుంది. నేను ఆవిడ ఆడపడుచుని. కాజాలు కుట్టడం, గుండీలు వేయడం నా పని. ప్రార్థనలు ఆవిడ వంతు, చిరాకులు నా వంతు.

ఆ చిరాకుల్లో సగం ఎదురు కొట్టు టైలరు మాస్టరు మీదే. మంచి పనివాడే, కాదనను. కానీ మేము కొట్టు తెరిచిన కొత్తలో, "ఆవిడ దగ్గర బట్ట మిగులుతుంది, మీ ఇంటికి మాత్రం రాదు" అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పాడు. అరచేతంత ముక్కని కూడా మూటకట్టి తిరిగిచ్చే మనిషి మా వదిన! నాకు ఒళ్ళు మండిపోయింది. వదిన మాత్రం ఎదురుపడ్డప్పుడల్లా "బాగున్నారా అన్నయ్యా" అనేది. ఆయన తల పక్కకు తిప్పుకునేవాడు. మూడేళ్ళు ఇదే తంతు.

ఆ మూడేళ్ళూ వదిన తన కోసం దేవుణ్ణి అడిగింది ఒక్కటే, వీధి చివర బడి యూనిఫారాల పని. అది ఏటా మాస్టరుకే వెళ్ళేది. మాకు మిగిలేవి చిరుగులు, అతుకులు.

ఒక గురువారం పొద్దున బడి పెద్ద టీచరు మా మెట్లెక్కింది. మాస్టరు స్నానాలగదిలో జారిపడి కుడిచేయి విరగ్గొట్టుకున్నాడట. నలభై చొక్కాలు కత్తిరించాడు గానీ ఒక్కటీ కుట్టలేదట. "సోమవారానికి ఆయన ఇవ్వలేకపోతే ఇకనుంచి బడి పనంతా మీదే" అని చెప్పి వెళ్ళింది.

నా కాలు నేల మీద నిలవలేదు. "వదినా, నువ్వడిగింది కాళ్ళొచ్చి మరీ మనింటికి నడిచొచ్చింది! సోమవారం దాకా ఊరికే కూర్చుంటే చాలు."

వదిన కత్తెర కింద పెట్టింది. "ఆయన చెయ్యి విరగ్గొట్టి నా చేతిలో పెడతాడా దేవుడు? అట్లాంటి దేవుణ్ణి నేనెరగను." చెప్పులేసుకుని వీధి దాటింది.

తిరిగొచ్చేటప్పుడు రెండు చంకల్లో రెండు మూటలు. పైన ఆయన కొట్టు పేరున్న లేబుళ్ళ పొట్లం.

"ఆయన ఒప్పుకున్నాడా?"

"ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాళ్ళావిడ ఒప్పుకుంది."

"మరి ఈ లేబుళ్ళెందుకు?"

"కత్తిరింపు ఆయనది. లేబులూ ఆయనదే."

"నీకేమైనా పిచ్చా? నోటి దగ్గర ముద్ద తీసి ఆయన నోట్లో పెడతావా?"

"ఆకలేస్తే కాజాలు తొందరగా కానియ్, తిందాం" అంది.

మేము సుద్ద గీతలు బట్ట లోపలివైపు గీస్తాం. ఆయన పైవైపు గీసి, తర్వాత దులిపేస్తాడట. ఆ సంగతి మాకేం తెలుసు? నాలుగు చొక్కాలు పూర్తయ్యాక గుమ్మంలో వెలుతురుకి పెట్టి చూస్తే నాలుగూ తిరగేసి కుట్టి ఉన్నాయి. నేను తల పట్టుకున్నాను. వదిన నవ్వేసి విప్పడం మొదలుపెట్టింది. పిల్లల పేర్లు తెలియవు కాబట్టి కొలతలతోనే ప్రార్థన. "ప్రభువా, ఛాతీ ఇరవై ఎనిమిది, మళ్ళీ వచ్చాం" అంటోంది.

శనివారం సాయంత్రానికి నలభయ్యో చొక్కా మడతపెట్టి, అన్నీ మాస్టరు ఇంట్లో ఇచ్చొచ్చాం. ఆదివారం చర్చిలో పాట మధ్యలో వదిన కునికింది, మోచేత్తో పొడిచి లేపాను. సోమవారం పిల్లలు కొత్త చొక్కాల్లో మా కొట్టు ముందు నుంచే బడికి వెళ్ళారు. బడి పని మాస్టరు దగ్గరే ఉండిపోయింది. నేను వారం రోజులు మూతి ముడుచుకునే ఉన్నాను. వదిన అతుకులు వేసుకుంటూ హాయిగా ఉంది. నిజంగానే హాయిగా ఉంది, అదే నాకు అర్థమయ్యేది కాదు.

మరుసటి ఏడు, ఎదిగిన పిల్ల ఒకతె చొక్కా పొడుగు దించమని మాస్టరు దగ్గరికి తెచ్చింది. అప్పటికి ఆయన చెయ్యి బాగుపడింది. అంచు విప్పుతుంటే నీలం కుట్టు కనబడిందట. అనుమానమొచ్చి లేబుల్ కూడా ఎత్తి చూశాడట. ఆ చొక్కా పట్టుకుని మొట్టమొదటిసారి మా గుమ్మంలోకి వచ్చాడు.

"ఏంటమ్మా ఇది?"

"ఆ బిడ్డ కోసం ప్రార్థన అయిందని గుర్తు, అన్నయ్యా."

"అంచులోది సరే. నా లేబుల్ కింద కూడా ఉందే?"

ఆ సంగతి నాకూ కొత్తే. దొంగతనం చేస్తూ పట్టుబడ్డట్టు అయిపోయింది వదిన మొహం. "అది మీ కోసం."

"నలభై చొక్కాల్లోనూనా?"

"నలభై నాలుగు సార్లు. నాలుగు తిరగేసి కుట్టి, విప్పాను కదా."

"మీరు తెచ్చిచ్చిన రోజే చూశాను. సూది పోట్లు కనబడ్డాయి" అన్నాడు, పనిలో తప్పు పట్టే మాస్టరు గొంతుతో. తర్వాత ఆ గొంతు తగ్గింది. "బట్ట మిగుల్చుకుంటావని అందరికీ చెప్పింది నేనేనమ్మా. అబద్ధం చెప్పాను."

"తెలుసన్నయ్యా."

"తెలిసే కుట్టావా?"

వదిన తలూపింది. ఆయన ఆ చొక్కాని అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. "ఈ నీలం దారం ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాడు. వదిన మిషను మీద ఉన్న రీలే తీసి ఆయన చేతిలో పెట్టింది.

అదే కొట్టులో, అదే గుమ్మంలోంచి ఆయన్ని చూస్తూ, నేను నాలుగేళ్ళు తిట్టుకున్నాను. ఎన్నిసార్లో గుర్తు కూడా పెట్టుకోలేదు. సిగ్గేసింది. లేచి వెళ్ళి ఆయనకు కుర్చీ వేశాను.