అక్కన్నపేట స్టేషన్ టాక్సీ డబ్బా

మెదక్‌కు రైలు లేదు. చర్చి చూడాలన్నా, ఖిల్లా ఎక్కాలన్నా అక్కన్నపేటలో దిగి రోడ్డు పట్టాల్సిందే. ఆ స్టేషన్ బయట పాత టాక్సీ డబ్బా ఒకటి ఉందని, దాన్ని ఎప్పుడు పీకేస్తారో తెలియదని ఆఫీసులో ఒక మెదక్ మిత్రుడు చెప్పాడు. తెలంగాణ ఉద్యమం బందుల మధ్య ఒక ఆదివారం తీరిక దొరికి, కాచిగూడలో పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కాను. పదిన్నరకు దిగింది నేనొక్కడినే.

రేకులు, చెక్కలతో కట్టిన ఆ డబ్బాకు కిటికీ మూసి ఉంది. ఎవరూ లేరనుకుని దగ్గరికి వెళ్తే లోపలి నుంచి గొంతు వచ్చింది. “మెదక్‌కేనా సార్?” నేను జవాబు చెప్పేలోగానే అది గట్టిగా పిలిచింది. “బాలయ్యా! సవారీ!” వేపచెట్టు కింద అంబాసిడర్ తుడుస్తున్న డ్రైవర్ “ఆఁ, వస్తున్న!” అన్నాడు.

రానూపోనూ కారు మొత్తానికి మూడు వందలు. ఊరు దాటాక బాలయ్యగారూ అని పలకరిస్తే అతను అద్దంలోంచి నన్ను చూశాడు. “నా పేరు కిషన్ సార్. బాలయ్య సచ్చిపోయి మస్తు రోజులాయె.”

పట్నం వాళ్లు కొత్తరకం చిన్న కార్లకు మారుతున్న రోజుల్లో, వాళ్లు వదిలించుకున్న అంబాసిడర్లు తెచ్చుకుని నలుగురు డ్రైవర్లు ఆ డబ్బా కట్టుకున్నారట. లోపల కూర్చుని వంతు ప్రకారం పిలిచేది కిషన్ వాళ్ల అన్న సాయిలు. ఒక బందు రోజు, నొప్పులు పడుతున్న ఆడమనిషిని మెదక్ తీసుకెళ్లాల్సి వచ్చింది. “వంతు నాది సార్. నన్ను పంపనీకె అన్నకు భయమైంది. బాలయ్యను పంపిండు. ఆమెను దవాఖానల దించి వస్తుంటె టైరు పేలి కారు పల్టీ కొట్టింది.” అతను గేరు మార్చాడు. “గప్పటి సంది కిటికీ తెరుస్తలేడు. సూపు గూడ పోయింది. ఏ రైలొచ్చినా బాలయ్యనే పిలుస్తడు. నేను పలుకకుంటె ఆ పూట బువ్వ ముట్టడు.”

చర్చిలో రంగుటద్దాల కింద కూర్చున్నా ఆ పిలుపే చెవిలో ఉంది. ఖిల్లా సగం ఎక్కి దిగేశాను. నాలుగింటికి నన్ను స్టేషన్ దగ్గర దించి, కిషన్ డీజిల్ కోసం రామాయంపేట వెళ్లాడు. అంతలో అవతలి వైపు వెళ్లే రైలొచ్చి ఒక ముసలావిడ దిగింది.

“బాలయ్యా! సవారీ!”

ఎవరూ పలకలేదు. రెండోసారి పిలిచాడు. మూడోసారికి గొంతు జీరపోయింది. లోపల చేతులు రేకును తడుముతున్న చప్పుడు. ఉండబట్టలేక నేనే అన్నాను, “ఆఁ, వస్తున్న!”

కిటికీ బెత్తెడు తెరుచుకుంది. పొర కమ్మిన కళ్లు నా పక్కన ఎవరినో చూస్తున్నట్టున్నాయి.

“కిషన్ లేడు గదా సార్? తమ్ముని గొంతు నాకెరుక కాదా. వాడు పరేషాన్ అయితడని ఊకుంట. గని మీరెందుకు పలికిండ్రు? మీకంటె జర ముందే బాలయ్య పలికిండు గదా.”

నాకేమీ వినపడలేదు. అదే చెప్పబోతుంటే ముసలావిడ మూట దించి, ఖాళీగా ఉన్న వేపచెట్టు వైపు చూసింది. “ఇద్దరు పలికిండ్రు, ఒక్క కారన్న లేదేంది బిడ్డా?”

దయ్యాలను నేను నమ్మను. ఆ సాయంత్రం మాత్రం చెట్టు వైపు తిరగకుండా రైలెక్కాను. అన్న కోసం తమ్ముడు బాలయ్యగా పలుకుతున్నాడు, తమ్ముడి కోసం అన్న తెలియనట్టుంటున్నాడు. నా రైలు రాకముందే డీజిల్ పోయించుకుని వచ్చిన కిషన్ “అన్న పిలిచిండా?” అని అడిగితే, “పిలిచాడు, పలికారు” అని మాత్రమే చెప్పగలిగాను. ఎవరు పలికారో అతను అడగలేదు.

వెళ్లేవాళ్లకు ఒక మాట: బందు లేని రోజు చూసుకుని వెళ్లండి, దిగగానే షేర్ ఆటోల వైపు పరుగెత్తకుండా డబ్బా దగ్గర కాసేపు ఆగండి. ఒక్కరున్నా కిషన్ బండి తీస్తాడు.